కుల్దీప్ నయ్యర్ ఆత్మకథ ‘బియాండ్ ద లైన్స్’: చూసింది రాసినచోట దుమ్ము దులిపారు, విన్నది రాసినచోట దొరికిపోయారు

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ తగ్గిన ఒక్క స్టార్ ఎందుకు తగ్గిందో చెప్పబోయి రివ్యూ ఇంత పొడుగు అయ్యింది, అంత ఓపిక లేనివాళ్ళు కిందకి వెళ్ళి పి.వి. గారి పేరు ఎక్కడుందో చూసుకుని ఆ పేరా ఒక్కటి చదివినా చాలు.

కుల్దీప్ నయ్యర్ అంటే ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు గానీ ఎయిటీస్, నైంటీస్‌లో ఇంట్లో రోజూ పేపర్ పడ్డవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. వారం వారం ఆయన రాసే కాలమ్ ఇంగ్లిష్‌లోనే కాదు, బోలెడు భారతీయ భాషల్లో వచ్చేది, తెలుగులో కూడా అనువాదమై ఎడిట్ పేజీలో కనపడేది. టీవీలో అరుపుల డిబేట్లు లేని రోజులు కదా, ఢిల్లీలో తలుపుల వెనక ఏం మాట్లాడుకుంటున్నారో మనలాంటివాళ్ళకి తెలియాలంటే ఇలాంటి నలుగురైదుగురు రాసేదే దిక్కు. 1923 ఆగస్టు 14న సియాల్‌కోట్‌లో పుట్టారు, 2018 ఆగస్టులో ఢిల్లీలో పోయారు, మధ్యలో రిపోర్టరు, మంత్రుల దగ్గర ప్రెస్ ఆఫీసరు, న్యూస్ ఏజెన్సీ బాసు, ఎడిటరు, ఖైదీ, లండన్‌లో మన హై కమిషనరు, రాజ్యసభ మెంబరు, అన్నీ అయ్యారు. ఈ పుస్తకం 2012లో వచ్చింది, అంటే అప్పటికి ఆయనకి తొంభై దగ్గర పడుతున్నాయి.

ముందు సరుకు సంగతి. నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర హార్డ్ బౌండ్ ఆర్డర్ పెట్టా, వచ్చేసరికి పైన జాకెట్ చిరిగి మూల నలిగి ఉంది, రిటర్న్ పెడితే అదిగో ఇదిగో అని తిప్పించుకుని చివరికి డబ్బులైతే వెనక్కి వేశాడు. తర్వాత ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో సెకండ్ హ్యాండ్ కాపీ దొరికింది, ఎవరో పెన్సిల్‌తో అండర్‌లైన్లు కొట్టినది, అదే హాయిగా చదువుకున్నా. బరువైన పుస్తకం, పడుకుని గుండెల మీద పెట్టుకుని చదువుదామంటే కుదరదు. అక్షరాలు కళ్ళకి పర్లేదు. ఇంగ్లిష్ మాత్రం చాలా సులువు, పేపర్ మనిషి కదా, చిన్న చిన్న వాక్యాలు, డిక్షనరీ పక్కన పెట్టుకోవాల్సిన పని లేదు. తెలుగు మీడియంలో చదివిన మా తమ్ముడు కూడా సగం దాకా వెళ్ళాడు, మిగతా సగం వాడి బద్ధకం.

ఇక విషయం. మొదటి భాగం దేశ విభజన. లాహోర్‌లో లా చదివే రోజుల్లో జిన్నా వాళ్ళ కాలేజీకి వస్తే ఈ కుర్రాడు లేచి, బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయాక హిందువులూ ముస్లిములూ ఒకరి గొంతు ఒకరు కోసుకోరా అని అడిగాడట, అలాంటిదేమీ జరగదు, జర్మనీ ఫ్రాన్స్ ఎన్నిసార్లు కొట్టుకోలేదు, ఇవాళ ఫ్రెండ్స్ కాలేదా అన్న ధోరణిలో జిన్నా జవాబిచ్చారట. తర్వాత కొన్నేళ్ళకే అదే కుర్రాడు 1947 సెప్టెంబర్ 13న బోర్డర్ దాటాడు, చేతిలో చిన్న సంచి, అమ్మ ఇచ్చిన 120 రూపాయలు. ఇటు నుంచి అటు వెళ్ళే జనం అటు నుంచి ఇటు వచ్చే జనం ఎదురుపడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయారని రాస్తారు. ఇక్కడ ఎక్కువ ఏడుపు పెట్టలేదు, అదే బాగుంది.

ఈ భాగంలో నన్ను కట్టిపడేసింది రాడ్‌క్లిఫ్ ముచ్చట. దేశాన్ని గీత గీసి రెండు చేసిన ఆ లాయర్‌ని నయ్యర్ 1971లో లండన్‌లో వెతుక్కుంటూ వెళ్ళి కలిశారు. లాహోర్ నిజానికి మీకే ఇద్దామనుకున్నా, కానీ కలకత్తా అప్పటికే మీ వైపు వేసేశా, ఇదీ మీకే ఇచ్చేస్తే పాకిస్తాన్‌కి పెద్ద ఊరంటూ ఒక్కటీ మిగలదని ఆగిపోయా అన్నాడట ఆయన. ఇంత జనం చచ్చారని తెలిశాక ఫీజు 40,000 రూపాయలు కూడా తీసుకోలేదట. సొంత ఊరు పోగొట్టుకున్న మనిషి ఆ ఊరు పోగొట్టినాయన ఎదురుగా కూర్చుని నోట్‌బుక్ తీసి ప్రశ్నలు వేస్తున్నాడు, ఆ సీన్ ఊహించుకోండి. తిట్టలేదు, కోప్పడలేదు, అడిగి రాసుకుని వచ్చారు, అంతే.

ఢిల్లీ వచ్చాక ఉర్దూ పేపర్లలో మొదలుపెట్టారు. 1948 జనవరి 30న గాంధీని కాల్చారని తెలియగానే బిర్లా హౌస్‌కి పరిగెత్తిన రిపోర్టర్లలో ఈయనొకరు. తర్వాత అమెరికాలో జర్నలిజం చదివి వచ్చి గవర్నమెంట్ ఉద్యోగం, హోం మంత్రి గోవింద వల్లభ్ పంత్ దగ్గర, ఆ తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ప్రెస్ పని. శాస్త్రి అనగానే మనవాళ్ళకి గుర్తుండాల్సింది ఒకటుంది, 1956 సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడి వందమందికి పైగా పోతే రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇచ్చారు, నెహ్రూ తీసుకోలేదు, నవంబర్‌లో అరియలూర్ ప్రమాదం జరిగాక ఇచ్చినదే తీసుకున్నారు. ఆ శాస్త్రి పక్కనే తిరిగినవాడు కాబట్టి నయ్యర్‌కి ఆయన మీద ఒక ప్రేమ, అది పుస్తకం అంతా కనపడుతుంది, దాచుకోలేదు కూడా.

ఇక్కడే పాత్రికేయుడు అంటే ఎంత పవరో తెలిసే సంఘటన ఒకటి. 1964 మే 27న నెహ్రూ పోయారు. అప్పటికి నయ్యర్ శాస్త్రి ఆఫీసు వదిలి యు.ఎన్.ఐ. న్యూస్ ఏజెన్సీలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. ప్రధాని పదవికి మొరార్జీ దేశాయ్ అందరికంటే ముందు పోటీకి దిగారని ఒక చిన్న వార్త వదిలారు. నెహ్రూ చితి ఇంకా ఆరనే లేదు, అప్పుడే ఈయనకి కుర్చీ కావాల్సొచ్చిందా అని కాంగ్రెస్ ఎంపీలు మొహం చిట్లించారు. మొరార్జీ వర్గం అయితే ఆ ఒక్క వార్త వల్ల మాకు వంద ఓట్లు పోయాయని నమ్మింది. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ పార్లమెంటు మెట్లు దిగుతూ ఈయన చెవిలో థాంక్యూ అని చెప్పి వెళ్ళారట! నేను కావాలని చెయ్యలేదు మొర్రో అంటారు నయ్యర్. మొరార్జీ మాత్రం నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు అనుకోండి, నిన్నటిదాకా శాస్త్రి దగ్గర పనిచేసిన మనిషి, ఆ వార్త ఎవరికి పనికొస్తుందో తెలీకుండా వదిలాడంటే ఎలా. కానీ ఆ అనుమానం మనకి రావడానికి కావాల్సిన ముక్కలన్నీ ఆయనే మన చేతిలో పెట్టారు చూడండి, దానికి దండం పెట్టాలి.

తాష్కెంట్ చాప్టర్ కోసమైనా ఈ పుస్తకం కొనొచ్చు. అప్పటికి శాస్త్రి ప్రధాని, 1965 యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్‌లోని తాష్కెంట్‌లో 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం అయ్యింది. ఆ రాత్రి శాస్త్రి ఇంటికి ఫోన్ చేస్తే కూతురు కుసుమ్, బాబూజీ మాకిది నచ్చలేదు అంది, యుద్ధంలో గెలుచుకున్న కశ్మీర్‌లోని హాజీపీర్ కనుమ వెనక్కి ఇచ్చేశారు కదా. రాయబారి టి.ఎన్. కౌల్ ఇంటి వంటవాడు చేసి తెచ్చిన పాలకూర బంగాళదుంప కూర తిని పడుకున్నారు శాస్త్రి. నయ్యర్ వేరే హోటల్లో ఉన్నారు. అర్ధరాత్రి దాటాక తలుపు కొట్టి ఒకావిడ, మీ ప్రధానమంత్రి చనిపోతున్నారు అని చెప్పింది. పరిగెత్తి వెళ్ళేసరికి వరండాలో నిలబడ్డ సోవియట్ ప్రధాని కోసిగిన్ రెండు చేతులూ పైకెత్తి ఇక లేరని సైగ చేశాడు.

తర్వాత ఆ గది. చాలా పెద్ద గది, పెద్ద మంచం, దాని మీద ముడుచుకుని ఆ చిన్న మనిషి. చెప్పులు కార్పెట్ మీద పొందిగ్గా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, కాళ్ళు పెట్టినట్టు లేదు. దూరంగా డ్రెస్సింగ్ టేబుల్ మీద థర్మాస్ ఫ్లాస్క్ బోర్లా పడి ఉంది, మూత తీయడానికి పెనుగులాడినట్టు. గదిలో ఎవరినైనా పిలుద్దామంటే బెల్ కూడా లేదు. ఇంతే రాశారు. ఆ చెప్పులు, ఆ ఫ్లాస్క్, వీటి మీద ఇప్పటిదాకా ఎన్ని యూట్యూబ్ వీడియోలు వచ్చాయో, విషం పెట్టారని ఒకడు, సీఐఏ అని ఒకడు, వాళ్ళందరి మూలధనం ఈ మనిషి ఆ రాత్రి కళ్ళతో చూసి గుర్తుపెట్టుకున్న ఈ నాలుగు వస్తువులే. ఆయన మాత్రం ఒక కంక్లూజన్‌కి దూకలేదు, శరీరం నీలంగా ఎందుకు మారిందని ఇంట్లోవాళ్ళు అడిగిన ప్రశ్న రాశారు, పాడవకుండా పూసిన మందుల వల్ల అని తనకి చెప్పిన జవాబు రాశారు, ప్రశ్న తేలలేదని వదిలేశారు. ఇంకో విషయం, చావు కబురు ఢిల్లీ ఆఫీసుకి ఫోన్లో చెప్తే డెస్క్ మీద ఉన్నాయన నమ్మలేదట, ఇప్పుడే కదా ఆయన సాయంత్రం స్పీచ్ పంపించా, జోకులా అన్నాడట. న్యూస్ రూమ్‌లో పనిచేసినవాళ్ళకి ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

ఎమర్జెన్సీ భాగం కూడా అదే స్థాయి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టిన రెండు మూడు రోజులకే ఢిల్లీ ప్రెస్ క్లబ్‌లో జర్నలిస్టుల్ని పోగేసి సెన్సార్‌షిప్‌కి వ్యతిరేకంగా సంతకాలు పెట్టించారు. అద్వానీ గారు తర్వాత పత్రికలవాళ్ళని ఉద్దేశించి, వంగమంటే పాకారు అన్న మాట ఫేమస్ కదా, ఆ పాకనివాళ్ళ లిస్టు వేస్తే ఈయన పేరు మొదట్లోనే ఉంటుంది. జులైలో మీసా (విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం) కింద తీసుకెళ్ళి తీహార్‌లో వేశారు.

మనకి దగ్గరి సంగతి ఒకటుంది ఇక్కడ. ఈయన మామగారు ఎవరనుకున్నారు, భీమ్‌సేన్ సచార్. పంజాబ్ ముఖ్యమంత్రిగా చేశాక 1957 నుంచి 1962 దాకా మన ఆంధ్రప్రదేశ్ గవర్నర్, సి.ఎం. త్రివేది తర్వాత వచ్చినాయన. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రులుగా ఉన్న కాలం. ఆ పెద్దాయన ఎనభై దాటిన వయసులో, భయపడకుండా మాట్లాడే హక్కు మాది అంటూ ఇందిరా గాంధీకి ఉత్తరం రాశారు, ఆయన్నీ అరెస్ట్ చేసి లోపల వేశారు. మామా అల్లుడూ ఇద్దరూ జైల్లో! బావమరిది రాజిందర్ సచార్ ఢిల్లీ హైకోర్టు జడ్జి, ఆయన్ని సిక్కింకి ట్రాన్స్‌ఫర్ చేశారు, తర్వాత ముస్లింల స్థితిగతుల మీద రిపోర్టు ఇచ్చిన సచార్ కమిటీ ఆయన పేరు మీదిదే. ఒక్క కుటుంబం మీద ఇన్ని దెబ్బలు.

నయ్యర్ భార్య భారతి గారు హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా పట్టుకెళ్ళిన మనిషిని విడిపించమనే పిటిషన్) వేశారు. జస్టిస్ రంగరాజన్, జస్టిస్ ఆర్.ఎన్. అగర్వాల్ విన్నారు. ఓడిపోయేలా ఉన్నామని గవర్నమెంటుకి అర్థమై తీర్పు రాకముందే ఈయన్ని వదిలేసింది, కేసే లేదు కాబట్టి తీర్పూ అక్కర్లేదు అనిపించుకుందామని. ఆ ఇద్దరూ ఊరుకోకుండా తీర్పు చదివారు, నిర్బంధం చెల్లదని. ఫలితం, రంగరాజన్‌ని గౌహతికి పంపారు, అగర్వాల్‌ని మళ్ళీ సెషన్స్ జడ్జిగా కిందకి దించారు. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీలో పట్టుకెళ్తే కోర్టుకి వెళ్ళే హక్కే లేదని తేల్చింది, అది తెలిసినవాళ్ళకి ఈ ఇద్దరు ఎంత గట్టివాళ్ళో అర్థమవుతుంది. గొప్ప జడ్జీల గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ ఆ కేసులో ఒక్కడే అడ్డం తిరిగిన హెచ్.ఆర్. ఖన్నా పేరే చెప్తారు, చెప్పాలి కూడా, కానీ వీళ్ళ పేర్లు నాకు ఈ పుస్తకం చదివేదాకా తెలీవు.

బయటికొచ్చాక 1977 జనవరిలో ఎన్నికలు వస్తున్నాయని అందరికంటే ముందు రాసింది కూడా ఈయనే. ఎలా తెలిసిందయ్యా అంటే సంజయ్ గాంధీ మనిషి కమల్‌నాథ్‌ని కలిసి, సంజయ్ ఏ సీటు నుంచి నిలబడుతున్నాడు అని తెలిసినట్టే అడిగారట, ఆయన ఉలిక్కిపడి, నీకెవరు చెప్పారు అన్నాడట. అయిపోయింది, వార్త కన్ఫర్మ్. ఇది నాకు భలే నచ్చింది.

ఇదే ట్రిక్ పదేళ్ళ తర్వాత ఇంకో లెవెల్లో వేశారు. 1987 జనవరిలో బోర్డర్లో రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా ఉన్న టైంలో ఇస్లామాబాద్‌లో అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్‌ని కలిశారు. ఖాన్ ఎంతకీ నోరు విప్పట్లేదు. అప్పుడు ఈయన, మా అణు శాస్త్రవేత్త హోమీ సేఠ్నా నాకు దారిలో కలిశారు, పాకిస్తాన్ దగ్గర మనుషులూ లేరు సామానూ లేదు, నీకెందుకు టైం వేస్ట్ అన్నారు అని ఒక కథ అల్లి వదిలారు. ఖాన్‌కి రోషం వచ్చి మా దగ్గర బాంబు ఉంది అనేదాకా వెళ్ళిపోయాడు. ప్రపంచమంతా మోగిన స్కూప్ అది. ఆ ఇంటర్వ్యూ కుదిర్చిన పాకిస్తానీ ఎడిటర్ ముషాహిద్ హుస్సేన్ ఉద్యోగం పోయింది. కథ అల్లి చెప్పానని నయ్యర్ దాచకుండా ఒప్పుకున్నారు గానీ, అది తప్పా ఒప్పా అని ఒక్క పేజీ కూర్చుని ఆలోచించి ఉంటే బాగుండేది అనిపించింది, కమల్‌నాథ్‌ని బోల్తా కొట్టించడం వేరు, లేని మాట ఇంకో సైంటిస్టు నోట్లో పెట్టడం వేరు.

ఇప్పుడు ఆ తగ్గిన స్టార్. పుస్తకం బయటికి రాకముందే పేపర్లలో గొడవ అయిన ముక్క ఇది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలుస్తున్నంతసేపూ పి.వి. నరసింహారావు గారు పూజలో కూర్చున్నారు, చివరి రాయి కూడా తీసేశారని చెవిలో చెప్పాక లేచారు అని రాశారు. ఆయనకి ఇందులో చేయి ఉందని కూడా అన్నారు. ఎలా తెలుసు? సోషలిస్టు నాయకుడు మధు లిమాయే చెప్పారట. లిమాయేకి ఎవరు చెప్పారు? ఎవరో చెప్పారు. లిమాయే 1995లో పోయారు, పి.వి. గారు 2004లో పోయారు, పుస్తకం వచ్చింది 2012లో. అవునని చెప్పడానికి ఆయన లేరు, కాదని చెప్పడానికి ఈయన లేరు. పి.వి. గారి కొడుకు రంగారావు గారు అప్పుడే ఇది నమ్మశక్యం కాని మాట అని ఖండించారు.

తర్వాత 2016లో వినయ్ సీతాపతి రాసిన పి.వి. జీవితచరిత్ర ‘హాఫ్ లయన్’ వచ్చింది. అందులో పి.వి. గారి డాక్టర్, మన తెలుగాయనే, కె. శ్రీనాథ్ రెడ్డి చెప్పినది వేరేలా ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్తే పి.వి. గారు టీవీ చూస్తూ ఉన్నారు, చెక్ చేస్తే గుండె గబగబా కొట్టుకుంటోంది, బీపీ పెరిగి ఉంది అని. ఇది ఆ గదిలో ఉన్న మనిషి చేయిపట్టి చూసి చెప్పిన మాట. నేనేం పి.వి. ఫ్యాన్‌ని కాదు, మసీదు కాపాడలేకపోయిన బాధ్యత ప్రధానిగా ఆయనది కాకపోతే ఇంకెవరిది, దాని మీద ఎంతైనా తిట్టొచ్చు. కానీ చేతకాలేదు అనడానికీ, పూజ పేరుతో కావాలని కూర్చున్నాడు అనడానికీ చాలా దూరం ఉంది. తాష్కెంట్‌లో చెప్పులు ఏ వైపు ఉన్నాయో చూసి రాసిన కళ్ళు, ఇక్కడ చెవులకి పని అప్పజెప్పాయి. అదీ ఎలాంటి చోట!

దురదృష్టం ఏంటంటే ఈ పుస్తకంలో జనం ఎక్కువ పంచుకున్నది కూడా ఇదే ముక్క. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతుంది, కుల్దీప్ నయ్యర్ అంతటివాడు రాశాడు కాబట్టి నిజమే అయ్యుంటుంది అని. పేరున్న పాత్రికేయుడి ఇన్‌ఫ్లుయెన్స్ అంటే ఇదే మరి, మొరార్జీ మీద వార్త ఎలా పనిచేసిందో ఇదీ అలాగే పనిచేసింది, కాకపోతే అప్పుడు మొరార్జీ బతికి ఉన్నారు, జవాబు చెప్పుకోగలిగారు.

పంజాబ్ చాప్టర్‌లో కూడా ఇలాంటి ఇబ్బంది ఉంది. సిక్కు సంఘాలు అభ్యంతరం చెప్తే నయ్యర్ క్షమాపణ చెప్పుకున్నారు. దాని లోతుల్లోకి నేను వెళ్ళట్లేదు, ఆ రాజకీయం నాకంత బాగా తెలీదు.

లండన్‌లో హై కమిషనర్‌గా ఉన్న కొద్ది నెలల భాగం చప్పగా ఉంది, ఎవరితో ఎక్కడ భోంచేశారు, ఎవరేమన్నారు, పేజీలు తిప్పేయొచ్చు. రాజ్యసభ సంగతులు కూడా అంతే. పాకిస్తాన్ బోర్డర్‌లోని వాఘా గేటు దగ్గర ఆగస్టు 14 రాత్రి కొవ్వొత్తులు పట్టుకుని నిలబడే కార్యక్రమం గురించి రాసినది మాత్రం చదవండి. మొదట్లో పదిపదిహేను మందే ఉండేవాళ్ళు, జనం నవ్వేవాళ్ళు, పాకిస్తాన్ ఏజెంట్ అనేవాళ్ళు, ఏడాదికేడాది వెళ్తూనే ఉన్నారు. దాంతో ఒరిగిందేంటి అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు గానీ, ఊరూ ఇల్లూ వదిలి 120 రూపాయలతో వచ్చినవాడు ఆ గేటు దగ్గరకే వెళ్ళి పగ వద్దు అంటున్నాడు, అలా అనడానికి మనకంటే ఆయనకే హక్కు ఎక్కువ.

ఎవరు కొనాలి అంటే, గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లలు స్వతంత్రం తర్వాతి చరిత్ర కోసం కొనొచ్చు, కానీ ఇందులో ఉన్నది పరీక్షలో రాసేముందు ఇంకోచోట సరిచూసుకోండి. జర్నలిజం చదివేవాళ్ళు తప్పకుండా. పాత రాజకీయాల కబుర్లు ఇష్టపడే రిటైర్డ్ వాళ్ళకి గిఫ్ట్ ఇవ్వొచ్చు, వారం రోజులు ఇంట్లో టీవీ సౌండ్ తగ్గుతుంది. నాన్నగారికి ఇస్తే ఎమర్జెన్సీ చాప్టర్ చదివి, ఆ రోజుల్లో మన ఊళ్ళో ఎవరెవర్ని పట్టుకెళ్ళారో మొత్తం చెప్పుకొచ్చారు. వరసగా చదవాలని రూలేం లేదు. తాష్కెంట్‌తో మొదలుపెట్టి, ఎమర్జెన్సీ, తర్వాత వెనక్కి వచ్చి విభజన చదవండి, అప్పటికి మనిషి మీద ఇష్టం ఏర్పడుతుంది, మిగతావి ఆయన కోసం చదువుతారు. బాబ్రీ దగ్గరికి వచ్చేసరికి పక్కన సీతాపతి పుస్తకం కూడా తెరిచి పెట్టుకోండి. కొత్త కాపీకి పూర్తి రేటు పెట్టక్కర్లేదు, ఆదివారం ఆబిడ్స్‌లో పొద్దున్నే వెళ్తే దొరికే ఛాన్స్ ఉంది, పెన్సిల్ గీతలు ఉన్నది దొరికితే ఇంకా మంచిది, నా కాపీలో గీతలు గీసినాయన ఎవరో గానీ పి.వి. పేరా పక్కన పెద్ద క్వశ్చన్ మార్క్ పెట్టి ఉంచాడు.